జైలు గదిలో దయ్యం: ఒక వైద్యుని వాంగ్మూలం



మొన్న మా మనవడు తన ఫోనులో ఒక పాత టీవీ కార్యక్రమం చూపించి, "తాతయ్యా, దీనికి నువ్వేమంటావు?" అని అడిగాడు. అమెరికాలో ‘ఘోస్ట్ హంటర్స్’ అనే పేరుతో 2004లో మొదలై ఏళ్ల తరబడి నడిచిన కార్యక్రమం అది. పగలు ప్లంబింగ్ పని చేసుకునే ఇద్దరు మిత్రులు, తమ బృందంతో కలిసి రాత్రిపూట దయ్యాల వేటకు బయలుదేరుతారు. వాడు నాకు చూపించిన ఎపిసోడు ఫిలడెల్ఫియా నగరంలోని ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షియరీ అనే పాడుబడిన జైలులో చిత్రించినది. పెచ్చులూడిన గోడలు, తుప్పు పట్టిన తలుపులు, చీకటిలో పచ్చగా కనిపించే కెమెరా దృశ్యాలు. చేతిలో కీచుమనే యంత్రాలు పట్టుకుని, "ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఉంటే ఏదైనా సంకేతం ఇవ్వండి" అని శూన్యాన్ని బతిమాలుకునే మనుషులు. చివరికి ఒక నల్లని ఆకారం కెమెరా వైపు కదిలి, క్షణంలో మాయమవుతుంది. ఆ ఒక్క క్షణం గురించి ప్రేక్షకులు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారట.

ఆ ఆకారం ఏమిటో తేల్చడం నా పని కాదు. అది నీడ కావచ్చు, మనిషి కావచ్చు. నలభై ఏళ్లకు దగ్గరగా ప్రభుత్వ వైద్యం చేసిన నన్ను బాధించినది వేరొకటి. ఆ జైలులో మనుషులకు నిజంగానే లేనివి కనిపించాయి, లేని గొంతులు వినిపించాయి. కనిపించినది చనిపోయినవారిని వెతకడానికి వచ్చిన టీవీ బృందానికి కాదు, అక్కడ బతికి ఉన్న ఖైదీలకు. దానికి వైద్యశాస్త్రంలో పేరుంది, కారణముంది, సాక్ష్యముంది. ఆ సాక్ష్యం మీద దుప్పటి కప్పి, దాని మీద కూర్చుని దయ్యాన్ని పిలిచే కార్యక్రమాన్ని నేను అమాయకమైన వినోదమని అంగీకరించలేను. ఎందుకు అంగీకరించలేనో చెప్పడానికి మొదట ఆ జైలు కథ, తరువాత నా ఉద్యోగ జీవితంలోని ఒక అపరాధం కథ చెప్పాలి.

దయతో కట్టిన జైలు

కొన్నేళ్ల క్రితం మా అమ్మాయి ఇంట్లో ఉండగా ఆ జైలును స్వయంగా చూశాను. 1994 నుండి అది సందర్శకులకు తెరచిన చారిత్రక స్థలం. బయటి నుండి కోటలా ఉంటుంది. లోపల మధ్యలో ఒక గది, అక్కడి నుండి బండి చక్రపు ఆకుల్లా నలువైపులకూ చీలిపోయే పొడవైన వరండాలు. ఒక్క మనిషి మధ్యలో నిలబడి అన్ని వైపులా చూడగలిగే ఏర్పాటు. జాన్ హవిలాండ్ అనే వాస్తుశిల్పి రూపొందించిన ఈ జైలు 1829లో తెరచుకుంది.

ఆశ్చర్యకరమైన సంగతి ఏమిటంటే, దీని వెనుక ఉన్నవారు క్రూరులు కారు, సంస్కర్తలు. అప్పటి జైళ్లలో ఆడా మగా, పిల్లా పెద్దా అందరినీ ఒకే కొట్టులో కుక్కేవారు. కొరడా దెబ్బలు, రోగాలు, లంచాలు మామూలు. దీన్ని మార్చాలని ఫిలడెల్ఫియాలో 1787లో ఒక సంఘం ఏర్పడింది. అందులో ప్రముఖుడు బెంజమిన్ రష్. ఆయన వైద్యుడు, అమెరికాలో మనోవైద్యానికి ఆద్యుడని పేరు పొందినవాడు. మనిషిని ఒంటరిగా, మౌనంగా ఉంచితే తన తప్పు తాను తెలుసుకుని పశ్చాత్తాపపడతాడని ఆ సంస్కర్తల నమ్మకం. ‘పెనిటెన్షియరీ’ అనే మాటలోనే పశ్చాత్తాపం ఉంది.

ఆ నమ్మకాన్ని రాతితో కట్టారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క గది. పైకప్పులో చిన్న కంత, అందులోంచి పడే వెలుతురు. వెనుక ఎత్తైన గోడల మధ్య చిన్న పెరడు, రోజుకు ఒక గంట అక్కడ గాలి పీల్చుకోవచ్చు. గది దాటి కదిలించవలసి వస్తే ముఖానికి ముసుగు. పక్క గదిలో ఎవరున్నారో తెలియదు. మాట్లాడటం నేరం. చదువుకోవడానికి మతగ్రంథం, చేసుకోవడానికి ఏదో చేతిపని. ఇలా నెలలు కాదు, సంవత్సరాలు గడపాలి. మొదటి ఖైదీ పేరు చార్లెస్ విలియమ్స్. పద్దెనిమిదేళ్ల నల్లజాతి యువకుడు, దొంగతనానికి రెండేళ్ల శిక్ష.

ఫలితం ఏమైంది? 1842లో చార్లెస్ డికెన్స్ అనే ఆంగ్ల నవలాకారుడు ఈ జైలును చూడటానికి వచ్చాడు. ఖైదీలతో మాట్లాడాడు. ఇంత నెమ్మదిగా మనసును నలిపే హింస ఏ దేహదండన కంటే కూడా దారుణమైనదని తన అమెరికా యాత్రా గ్రంథంలో రాశాడు. ఏకాంత నిర్బంధంలో అనేకులు మతి చెడి మందమతులయ్యారనీ, కొందరు ఉన్మాదులయ్యారనీ, కొందరు ప్రాణాలు తీసుకున్నారనీ 1890లో అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పులో నమోదు చేసింది. ఈ ఏకాంత పద్ధతిని ఆ జైలు 1913లో అధికారికంగా విడిచిపెట్టింది. జైలే 1971లో మూతపడింది.

ఇక్కడ నా వృత్తివారి గురించి ఒక చేదు నిజం చెప్పక తప్పదు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ జైలు వైద్యులు ఖైదీల మతిభ్రంశాన్ని గుర్తించకపోలేదు. గుర్తించి, కారణం మాత్రం ఏకాంతం కాదన్నారు. ఖైదీల హస్తప్రయోగమే వారి పిచ్చికి మూలమని నివేదికల్లో రాశారు. అంటే, గది చేసిన గాయాన్ని గదిలో ఉన్నవాడి నెత్తిన వేశారు. దయ్యం పట్టిందనడానికీ దీనికీ పెద్ద తేడా నాకు కనిపించదు. రెండూ అసలు కారణాన్ని చూడనివ్వని మాటలే. మొదటిది పామరుడి మాట, రెండోది పట్టా ఉన్నవాడి మాట, అంతే.

మనిషి మెదడుకు ఆహారం, నీరు ఎంత అవసరమో, తోటి మనిషి ముఖం, మాట, పగలూ రాత్రీ తేడా అంత అవసరం. అవి అందనప్పుడు మెదడు ఊరికే ఉండదు. తనకు కావలసిన దృశ్యాలను, శబ్దాలను తానే తయారుచేసుకుంటుంది. 1983లో స్టువర్ట్ గ్రాసియన్ అనే అమెరికా మనోవైద్యుడు ఏకాంత గదుల్లో ఉన్న ఖైదీలను పరీక్షించి, వారిలో చాలామందికి చిన్న శబ్దాన్ని కూడా భరించలేని స్థితి, విపరీతమైన ఆందోళన, లేని గొంతులు వినిపించడం కలిగాయని ప్రచురించాడు. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు పదిహేను రోజులకు మించిన ఏకాంత నిర్బంధాన్ని నిషేధించాయి. పదిహేను రోజులు! ఫిలడెల్ఫియాలో సంవత్సరాలు ఉంచారు.

ఆ జైలు నమూనా అక్కడితో ఆగలేదు. లండన్‌లో 1842లో తెరచిన పెంటన్‌విల్ జైలు దాన్ని చూసి కట్టినదే. అదే వరుసలో, 1896లో ప్రారంభించి 1906లో పూర్తిచేసిన మన అండమాన్ సెల్యులార్ జైలు కూడా మధ్య గోపురం నుండి ఏడు వైపులకు సాగిన వరండాలు, మనిషికొక గది అనే పద్ధతిలోనే నిలిచింది. కాబట్టి ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి కదా అని మనం చేతులు దులుపుకోలేము.

చీకట్లో కన్ను చేసే మోసం

ఇప్పుడు టీవీ బృందం దగ్గరకు వద్దాం. వారి చేతుల్లో ఉన్న యంత్రాలను చూసి మా మనవడు "ఇదంతా సైన్సే కదా తాతయ్యా" అన్నాడు. వాడి పొరపాటు సహజమైనది. స్టెతస్కోపు మెడలో వేసుకున్న ప్రతివాడూ డాక్టరు కాడు కదా!

విద్యుదయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మీటరు కరెంటు తీగలకు, ఫోన్లకు, వారి నడుముకున్న వాకీటాకీలకు కూడా స్పందిస్తుంది. చనిపోయిన మనిషి విద్యుదయస్కాంత తరంగాలు వెలువరిస్తాడని ఎవరు, ఎక్కడ, ఎలా తేల్చారు? అది తేలకుండా మీటరు ముల్లు కదిలితే దయ్యం వచ్చిందనడం, బి.పి. మిషనుతో అబద్ధాలు కొలవడం లాంటిది. పరారుణ థర్మామీటరు గాలి చల్లదనాన్ని చూపదు. ఎదుటి గోడ ఉపరితలపు వేడిని చూపుతుంది. రాతిగోడ ఒకచోట చల్లగా, ఒకచోట వెచ్చగా ఉండటంలో వింతేముంది? రికార్డరులో గరగర శబ్దాన్ని పదేపదే వింటే మాటలా వినిపిస్తుంది. మబ్బులో ఏనుగును, గోడమీది మరకలో ముఖాన్ని చూసే మెదడే ఇక్కడా పనిచేస్తుంది. అందులోనూ తెరమీద అక్షరాలు వేసి "ఇదిగో, ‘వెళ్లిపో’ అంటోంది" అని చెప్పాక, వేరే విధంగా వినడం ఎవరికీ సాధ్యం కాదు.

కన్ను సంగతి మరీ ముఖ్యం. చీకటి గదిలో కదలని చిన్న వెలుగు చుక్కను కాసేపు చూస్తూ ఉండండి. అది కదులుతున్నట్టు కనిపిస్తుంది. ఇది ప్రతి ఆరోగ్యవంతుడికీ జరిగేదే. 1935లో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వవేత్త దీన్ని వాడుకుని ఒక ప్రయోగం చేశాడు. వెలుగు ఎంత దూరం కదిలిందో ఒంటరిగా అడిగితే ఒక్కొక్కరూ ఒక్కొక్క లెక్క చెప్పారు. నలుగురినీ కలిపి కూర్చోబెట్టి అడిగితే, క్రమంగా అందరి లెక్కలూ ఒకటయ్యాయి. వెలుగు మాత్రం మొదటి నుండీ కదలనే లేదు! దయ్యాల బృందాలు ఎప్పుడూ గుంపుగా, చీకట్లో, నిద్ర మానుకుని ఎందుకు వెళతాయో ఇప్పుడు ఆలోచించండి. తాడును చూసి పామనుకోవడం మన పెద్దలు వేల ఏళ్లుగా చెబుతున్న ఉదాహరణ. పామును పోగొట్టడానికి వారు సూచించిన మందు దీపం. టీవీ వారు మాత్రం వెళ్లగానే మొదట దీపాలు ఆర్పేస్తారు.

అదే జైలులో ఆల్ కపోన్ అనే పేరుమోసిన ముఠానాయకుడు 1929–30లో కొన్ని నెలలు ఉన్నాడు. తాను చంపించిన జిమ్మీ అనే వ్యక్తి దయ్యమై వేధిస్తున్నాడని అతడు రాత్రిళ్లు కేకలు వేసేవాడని ఒక కథ ప్రచారంలో ఉంది. దయ్యాల కార్యక్రమాలకు అది ఇష్టమైన కథ. కానీ ఆ మనిషికి సిఫిలిస్ ఉండేదనీ, అది మెదడుకు పాకి అతడి బుద్ధిని తినేసిందనీ, ఆల్కట్రాజ్ జైలులో వైద్యులు దాన్ని గుర్తించారనీ ఆ కార్యక్రమాల్లో ఎంతమంది చెప్పారు? కపోన్ కేకలు నిజమో కాదో గాని, అతడి రోగం నిజం. కథ నిలిచింది, రోగం మరుగున పడింది.

నా అపరాధం

పాఠకులు క్షమించాలి. ఇక్కడ నా గురించి చెప్పుకోవాలి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, 1970ల చివర, ఒక చిన్న పట్టణంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి. అక్కడి సబ్‌జైలు వైద్యం కూడా నా బాధ్యతే. వారానికి ఒకటి రెండుసార్లు వెళ్లి, కొత్తగా వచ్చిన రిమాండు ఖైదీలను చూసి, ఆరోగ్యం బాగుందనో బాగులేదనో రాసి సంతకం పెట్టాలి. ఒకరోజు చిన్న దొంగతనం కేసులో పట్టుబడిన నడివయసు కూలీ ఒకణ్ణి చూశాను. నాడి బాగుంది, గుండె బాగుంది. దగ్గరకు వచ్చినప్పుడు సారా వాసన వేసింది. ‘ఆరోగ్యంగా ఉన్నాడు’ అని రాశాను. రోజుకు ఎంత తాగుతావు, ఎన్నేళ్ల నుండి తాగుతున్నావు అని అడగలేదు. అడగడానికి అర నిమిషం పట్టేది.

మూడో రోజు రాత్రి అతడు కేకలు వేశాడట. గోడలమీద పాములున్నాయన్నాడట, ఎవరో పిలుస్తున్నారన్నాడట. మిగతావారి నిద్ర పాడవుతోందని చివరనున్న ఒంటరి గదిలో వేశారు. తెల్లవారుజామున చూస్తే ప్రాణం లేదు. నన్ను ఎవరూ పిలవలేదు. పిలవవలసిన లక్షణాలు ఏమిటో నేనూ వారికి చెప్పి ఉంచలేదు. విచారణ జరిగింది, కాగితాలు నిండాయి, ముగిసింది. ఆ గదికి మాత్రం ఒక పేరు మిగిలింది: దయ్యపు గది.

ఏడాది తిరిగేసరికి వయసు మళ్లిన వార్డరొకడు పొద్దున్నే మా క్వార్టరుకు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"డాక్టరుగారూ, ఆ గదిలోవాడు ఇంకొకణ్ణి పట్టుకున్నాడండీ. రాత్రంతా ఒకటే అరుపులండీ. భూతవైద్యుణ్ణి పిలిపించాం. మీరొకసారి వచ్చి చెబితే లోపలికి రానిస్తారండీ."

నన్ను పిలవడానికి వచ్చింది వైద్యానికి కాదు, భూతవైద్యుడికి అనుమతి ఇప్పించడానికి! వెళ్లాను. గేటు బయట ఖైదీ తల్లి విభూతి పొట్లం పట్టుకుని కూర్చుని ఉంది. పక్కన నిమ్మకాయలు, వేపమండలతో భూతవైద్యుడు. లోపల ముప్పై ఏళ్ల మనిషి. ఒళ్లంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, జ్వరం, నాడి నిమిషానికి నూట నలభై. దుప్పటి మీద లేని పురుగులను ఏరి పారేస్తున్నాడు. నన్ను చూసి తన మేస్త్రీ అనుకున్నాడు. అరెస్టయి ఎన్నాళ్లయిందని అడిగాను. మూడో రోజన్నారు. తల్లిని అడిగాను, "అమ్మా, రోజూ తాగుతాడా?" అని. "పదేళ్ల నుంచి బాబూ, పొద్దున లేస్తే అదే" అంది.

అది డెలీరియం ట్రెమెన్స్. ఎంతోకాలం ప్రతిరోజూ ఎక్కువగా తాగేవాడికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే, రెండు నుండి నాలుగు రోజుల్లో వచ్చే ప్రాణాంతక స్థితి. ముందు వణుకు, చెమట, నిద్రలేమి. కొందరికి మూర్ఛలు. ఆ తరువాత తాను ఎక్కడున్నదీ తెలియకపోవడం, పాములు, పురుగులు, మనుషులు కనిపించడం. వైద్యం లేకపోతే ప్రాణం పోవచ్చు. సకాలంలో వైద్యం అందితే అత్యధికులు బతుకుతారు. మా పట్టణంలో ఉన్న మందులే చాలు: డయాజిపామ్ ఇంజెక్షన్లు, విటమిన్ బి1, సెలైన్, కనిపెట్టుకుని ఉండే మనిషి. సూపరింటెండెంటుతో గొడవపడి, కానిస్టేబులును తోడిచ్చి ఆసుపత్రికి మార్చాము. మూడు రోజుల తరువాత అతడు కళ్లు తెరచి తల్లిని గుర్తుపట్టాడు. ఆకలేస్తోందన్నాడు.

ఆ సాయంత్రం వార్డరు నా గదిలోకి వచ్చి, కాసేపు నిలబడి, నెమ్మదిగా అడిగాడు.

"అయితే డాక్టరుగారూ, మొదటివాడికి కూడా ఇదేనాండీ?"

నేను తల ఊపాను. మాట రాలేదు. అతడూ ఇంకేమీ అనలేదు.

మొదటి మనిషి దయ్యమై ఎవరినీ పట్టలేదు. నేను అడగని ఒక ప్రశ్నకు, రాయని ఒక రోగనిర్ధారణకు ఆ ఊరు పెట్టుకున్న పేరు ‘దయ్యం’. ఆ పేరు పెట్టుకోవడంతో అందరికీ సుఖంగా ఉంది. జైలువారిది తప్పు కాదు, నాది తప్పు కాదు, అంతా ఆ గది మహిమ! రెండోవాడు కూడా ఆ సుఖానికే బలి కావలసినవాడు, ఒక ముసలి వార్డరు పొద్దున్నే పరుగెత్తడం వల్ల బతికాడు.

అందుకే, జైలు గదిలో నిలబడి "ఎవరైనా ఉన్నారా" అని అడిగే కార్యక్రమం చూసినప్పుడు నాకు భయం వేయదు. సిగ్గు వేస్తుంది.

‘వినోదమే కదా’ అనేవారికి

నాకు వచ్చే జవాబులు తెలుసు. "ఎవరూ నిజమని నమ్మరండీ, కాలక్షేపం" అంటారు. నమ్మేది ఎవరో ఓ.పి.లో కూర్చుంటే తెలుస్తుంది. మూర్ఛ వచ్చిన పిల్లవాణ్ణి, బాలింత మతిభ్రమణం వచ్చిన ఇల్లాలిని, స్కిజోఫ్రీనియాతో గొంతులు వినే కుర్రవాణ్ణి ఎన్ని తాయెత్తుల తరువాత, ఎన్ని చెప్పుదెబ్బల తరువాత మా దగ్గరకు తెచ్చేవారో నేను చూశాను. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవారిలో ప్రతి వందమందిలో పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. వారిలో అత్యధికులకు వైద్యం అందడం లేదు. డాక్టర్లు తక్కువ కావడం ఒక కారణం. దీన్ని రోగమని గుర్తించకపోవడం మరొక కారణం. ఆ గుర్తింపునే ఈ కార్యక్రమాలు చెడగొడుతున్నాయి.

"పాత భవనాలు ఇలాంటి వాటి డబ్బుతోనే బతుకుతున్నాయి" అని మరికొందరంటారు. ఇందులో కొంత నిజముంది. ఆ ఫిలడెల్ఫియా జైలు 1991 నుండి హాలోవీన్ సమయంలో భయపెట్టే ప్రదర్శనలు పెట్టి భవనం నిర్వహణకు డబ్బు సంపాదించింది. అయితే అదే ప్రాంగణంలో, అమెరికాలో జైలుపాలైన వారి సంఖ్య దశాబ్దాల్లో ఎంత పెరిగిందో చూపే ఎత్తైన ఇనుప పట్టిక ఒకటి నిలబెట్టారు. దాని ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. బాధ్యత తెలిసినవారు ఆ స్థలాన్ని ఎలా చూపించాలో అలా కూడా చూపిస్తున్నారు. టీవీ కెమెరా ఆ పట్టిక దగ్గర ఆగి ఉంటే నాకు ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు.

"దయ్యాలు లేవని మీరు నిరూపించగలరా?" అని మూడో ప్రశ్న. నేను నిరూపించనక్కరలేదు. జ్వరంతో వచ్చిన రోగికి మలేరియా ఉందేమో చూడకుండా శాపమని రాస్తే మీరు నన్ను ఏమంటారు? లేనివి కనిపిస్తున్నాయి, వినిపిస్తున్నాయి అని ఒక మనిషి చెప్పినప్పుడు మొదట వెతకవలసినవి జ్వరం, షుగరు పడిపోవడం, సోడియం తగ్గడం, మద్యం మానడం, మత్తుపదార్థాలు, మూర్ఛ, మెదడు జబ్బులు, నిద్రలేమి, మానసిక రుగ్మతలు. మూసిన గదిలో బొగ్గుల కుంపటో గ్యాసు గీజరో ఉంటే కార్బన్ మోనాక్సైడ్ కూడా. 1921లో ఒక అమెరికా నేత్రవైద్య పత్రికలో, ఇంట్లో అడుగుల చప్పుళ్లు విని, ఆకారాలు చూసి వణికిపోయిన కుటుంబం గురించి రాశారు. చివరికి తేలినది పాడైన కొలిమి నుండి వచ్చిన విషవాయువు. దయ్యమని ఊరుకుని ఉంటే ఆ ఇంటిల్లిపాదీ పోయేవారు. ఇవన్నీ వెతికి, ఏదీ దొరకని నాడు దయ్యం గురించి మాట్లాడదాం. నా అనుభవంలో ఆ రోజు రాలేదు.

ఇక దయ్యాన్ని నమ్మడం చివరికి ఎక్కడికి తీసుకుపోతుందో చెప్పి ముగిస్తాను. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గర మానసిక రోగులను ఉంచే ఒక పాకకు నిప్పంటుకుంది. గాలి సోకిందని, దయ్యం పట్టిందని కన్నవారు వదిలి వెళ్లిన రోగులు వారు. గొలుసులతో కట్టేసి ఉండటం వల్ల పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. ఏ నేరమూ చేయలేదు, ఏ న్యాయమూర్తీ శిక్ష వేయలేదు. అయినా గొలుసులున్నాయి, కాపలా ఉంది. జైలులో దయ్యం ఉందో లేదో గాని, దయ్యం పేరుతో జైలు కట్టగలమని ఏర్వాడి చూపించింది. మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో బంధించరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా చెబుతోంది. చట్టం ఉంది, మనకు కావలసింది గొలుసు కనిపించగానే అది గొలుసని గుర్తించే కళ్లు.

మీరు చేయగలిగినవి

ఒకటి: ఇంట్లో రోజూ తాగేవారు ఉంటే, వారిని ఉన్నట్టుండి మాన్పించకండి. డాక్టరు సలహాతో మాన్పించండి. మానిన మొదటి వారంలో వణుకు, చెమట, మూర్ఛ, ఏదో కనిపిస్తోందనడం మొదలైతే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. తెల్లారేదాకా ఆగకండి.

రెండు: మీవారెవరైనా పోలీసు స్టేషనులోనో జైలులోనో ఉంటే, వారు తాగుడుకు అలవాటు పడినవారైతే, మూర్ఛకో మానసిక రుగ్మతకో మందులు వాడుతుంటే, సిగ్గుపడకుండా మొదటి రోజే అక్కడి అధికారికి, డాక్టరుకు చెప్పండి. రాతపూర్వకంగా ఇవ్వండి. జైళ్లకు వెళ్లే యువ వైద్యులకు నా మనవి: ఆ అర నిమిషం ప్రశ్న అడగండి.

మూడు: గొంతులు వినిపిస్తున్నాయని చెప్పే మనిషిని తిట్టకండి, కొట్టకండి, నవ్వకండి. గుడికి తీసుకువెళ్లాలనుకుంటే తీసుకువెళ్లండి, నేను అడ్డుపడను. కానీ ఆసుపత్రికి కూడా అదే రోజు తీసుకువెళ్లండి. ఎవరిని కలవాలో తోచకపోతే ప్రభుత్వ టెలిమానస్ సహాయ సంఖ్య 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా పలుకుతారు.

నాలుగు: పిల్లలతో కలిసి అటువంటి కార్యక్రమం చూడవలసి వస్తే చూడండి, కానీ పక్కన కూర్చుని ప్రశ్నించండి. ఈ గదిలో ఎవరుండేవారు? ఎన్నేళ్లున్నారు? వారికి ఏమైంది? వారిని చూసిన డాక్టరు ఏం రాశాడు?

మా మనవడికి ఈ ప్రశ్నలన్నీ చెప్పాను. వాడు ఫోను ఆపి, చాలాసేపటి తరువాత, "మొదట చనిపోయినాయన పేరేమిటి తాతయ్యా?" అన్నాడు. ఆ పేరు నాకు గుర్తుంది. కుటుంబం బతికి ఉంటుంది కనుక ఇక్కడ రాయను. వాడికి మాత్రం చెప్పాను.